ఒక్క కుప్ప, ఆరు సంచులు

తలుపు మూసుకుని పావుగంట అయింది. లోపల రాళ్ళు పరీక్షించే డాక్టర్ వర్దియా ఉంది, ఆమె సూక్ష్మదర్శిని ఉంది, నా ఆరు సంచులు ఉన్నాయి. బయట నేనున్నాను, కేబిన్ నీడ ఉంది, ఏసీ గొట్టంలోంచి నా మోకాలి మీద ఒక్కొక్కటిగా పడుతున్న నీటిచుక్కలు ఉన్నాయి. పదిగంటల ఎండకు నీడ జానెడు జానెడు తరుగుతోంది, దానితోపాటే నేనూ గోడకేసి జరుగుతున్నాను. ఆమె బయటికి వచ్చి సరే అందంటే బోరులోకి ఇనప పైపు దిగుతుంది, పైపు వెనక సిమెంటు దిగుతుంది, సిమెంటు గట్టిపడ్డాక నిజం చెప్పినా చెప్పకపోయినా ఒకటే. సంచికి పది నిమిషాలు చూస్తుంది ఆమె. ఆరు సంచులకు గంట. పావుగంట పోయింది గనక ఇంకో ముప్పావుగంట నాది. ఇరవయ్యారేళ్ళ నౌకరీలో నాకంటూ ఇంత సమయం ఎవరిచ్చారు గనక అనుకుంటే నవ్వొచ్చింది. ఆ సంచుల మీద మీటర్లలో ఆరు లోతులు రాసి ఉన్నాయి, నా చేతిరాతే, గుండ్రంగా, తడబాటు లేకుండా: పదకొండు వందల ఇరవై, ఇరవై అయిదు, ముప్ఫై, ముప్ఫై అయిదు, నలభై, నలభై అయిదు. వాటిలో చివరిదొక్కటే నిజం. మిగతా అయిదింటిలోనూ ఉన్నది ఆ చివరి లోతు మట్టే.

మా పని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. కింద ఎక్కడో ఉలిపళ్ళు రాతిని నమిలి ఉమ్మేస్తాయి, ఆ పలుకుల్ని ఉప్పుబురద మోసుకుని పైకి వస్తుంది, జల్లెడ మీద బురద కిందికి కారిపోతుంది, పలుకులు ముందుకు జారి కుప్ప పడతాయి. అడుగునుంచి పైకి రావడానికి వాటికి యాభై నిమిషాలు పడుతుంది. ఆ లెక్క చూసుకుని అయిదు మీటర్లకోసారి డ్రిల్లరు బెల్ఖీర్ సుత్తితో ఇనుము మీద కొడతాడు. నేను కుప్పలోంచి దోసెడు తీసి, కడిగి, గుడ్డసంచిలో పోసి, మూతి కట్టి, లోతు రాస్తాను. మిగిలిన కుప్పను పారతో నెట్టేసి తరువాతి దానికి చోటు చేస్తాను. నేను ఈ లోతు అని రాసే వేళకు ఉలి మరో లోతులో ఉంటుంది, నాకు అందేది ఎప్పుడూ జరిగిపోయిన సంగతే. చమురు బావులకైతే తీగకు కట్టి యంత్రాల కళ్ళు దించుతారు. ఈ ఐన్ గెర్బా ఊరి ఖర్జూర తోటలకు తవ్వే నీళ్ళబావికి అంత వైభోగం ఎవడు చేస్తాడు, దానికి నా సంచులే కళ్ళు. ఆ మాట నేనెప్పుడూ పైకి అనలేదు. నిన్నటిదాకా లోపల అనుకునేవాణ్ణి, కడుపులో వెచ్చగా ఉండేది.

నిన్న మధ్యాహ్నం మూడు తెల్లకార్లు వచ్చాయి, జిల్లా పెద్దలట. మా ఇంజనీరు వాయిల్ వాళ్ళను వెంటేసుకుని రిగ్గంతా తిప్పాడు. వాడికి ఇరవయ్యారు, అంటే నా నౌకరీకెంత వయసో వాడికీ అంతే. ఇది మోటారు, ఇది పంపు, ఇది బురదతొట్టి అని చూపించుకుంటూ నా దగ్గరికి వచ్చారు. టై కట్టుకున్నాయన ఒకడు, ఆ ఎండలో టై, "మరి ఈయన?" అన్నాడు. "ఈయనా? మట్టి కడుగుతాడు సార్" అన్నాడు వాయిల్. "అయితే ఇంట్లో పెళ్ళానికి గిన్నెలు తోమే బాధ తప్పినట్టే" అన్నాడు టై ఆయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్కడే చేపముల్లు అడ్డం పడింది. వాళ్ళు నవ్వినందుకు కాదు, నేను నవ్వినందుకు. కార్లు వెళ్ళిపోయాయి. నేను టీకెటిల్ తీసుకుని పైపుల దొంతర వెనక నీడలో కూచున్నాను. మొదటిసారి సుత్తి మోగింది. లేవలేదు. కడగండ్రా మీరే, అనుకున్నాను. రెండోసారి మోగింది. మొదటి గ్లాసు టీ చేదు, రెండోది తీపి, మూడోది నీళ్ళనీళ్ళగా ఉంటుంది మా వైపు, మూడూ తాగాను. మళ్ళీ కాచుకున్నాను. ఆరోసారి మోగేసరికి రెండు గంటలు గడిచాయి. అప్పుడు లేచి వెళ్ళాను. కుప్ప తొట్టిగోడ దాకా పేరుకుంది. పైపైన దోసిళ్ళతో తీసి, ఒకే బకెట్లో కడిగి, ఆరు సంచుల్లో పంచాను. ఆరు అంకెలు రాశాను.

ఇలాంటి సంచుల్ని మా వాళ్ళు కవలలంటారు. నిద్రపోయిన వాళ్ళూ, ఫోను పట్టుకుని కూచున్న వాళ్ళూ, చలికి ముడుచుకున్న వాళ్ళూ కంటారు కవలల్ని. బయటికి ఎవరూ ఒప్పుకోరు గానీ కననివాడు లేడు. నేను తప్ప. ఇరవయ్యారేళ్ళు నేను తప్ప. పదకొండేళ్ళ కిందట బూజెమా అని ఒకడు నా జల్లెడ దగ్గరే రెండో షిఫ్టులో ఉండేవాడు, మూడు సంచులు కన్నాడు, నేనే వెళ్ళి పైవాళ్ళకు చెప్పాను. వాణ్ణి అదే రోజు నీళ్ళ లారీ ఎక్కించి పంపేశారు. ఎక్కుతూ నావైపు చూసి ఏదో అంటాడనుకున్నాను, తలగుడ్డ సరిచేసుకున్నాడంతే. నలుగురు పిల్లలని తరువాత తెలిసింది. నాకు ఏ కొంచెమూ బాధ అనిపించలేదు అప్పుడు. ఇప్పుడు ఈ గోడకు ఆనుకుంటే ఆ తలగుడ్డ రంగు కూడా గుర్తొస్తోంది, కుంకుమపువ్వు నానేసిన నీళ్ళ రంగు.

నిన్న సాయంత్రం బెల్ఖీర్ జల్లెడ దగ్గరికి వచ్చి తొట్టిగోడ దాకా పెరిగిన కుప్పను చూశాడు, వరుసగా ఆరేసిన సంచుల్ని చూశాడు, నన్ను చూశాడు. నాకంటే పదేళ్ళు చిన్న, నోరు మాత్రం పదేళ్ళు పెద్ద.

"ఏం మామా, ఒకే కాన్పులో ఆరుగురా? తల్లీ పిల్లలూ క్షేమమేనా?"

"నోర్ముయ్."

"మూసుకున్నా. నేను గుడ్డోణ్ణి, చెవిటోణ్ణి. రేపు సాయంత్రం బస్సెక్కేదాకా మూగోణ్ణి కూడా. నాలుగు వారాలైంది మామా, నా చిన్నది నన్ను చూసి ఏడుపు లంకించుకుంటుందేమో, ఎవడో దొంగొచ్చాడని. పైపు దిగాలి, సిమెంటు పడాలి, మనం బస్సెక్కాలి. నీ చేత్తో రాసిన అంకెను ఎవడడుగుతాడు?"

ఎవడూ అడగడు. అదే కదా.

లోపల డాక్టరమ్మ చూస్తున్నది వయసు. రాతి వయసు. పైన ఇసుక, దాని కింద సున్నపురాయి, దాని కింద ఉప్పూ జిప్సమూ పొరలు పొరలుగా, ఆ కింద పచ్చటి బంకరాయి, దాని కింద అసలైన ఇసుకరాయి, మరిగే నీళ్ళు. పచ్చ బంకరాయిలో అలసంద గింజ ఆకారంలో ఒక గవ్వ ఉంటుంది, గింజంత కాదు, ఆవగింజలో పదో వంతు. ఆ గవ్వ కనిపిస్తే తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగుకు చేరామని అర్థం, ఉప్పు అయిపోయిందని అర్థం, అక్కడ పైపు పాదం నిలబెట్టొచ్చు. అయితే ఆ సముద్రం మా లోయతో పరాచికాలాడింది. కొన్నిచోట్ల ఉప్పు మధ్యకు ఒక నాలుక చాపి వెనక్కు తీసుకుంది. మీటరు మందమో రెండు మీటర్లో బంకరాయి, అందులో అదే గవ్వ, దాని కింద మళ్ళీ ఉప్పు. అందుకే ఒక్క సంచిని నమ్మకూడదు. వరుసగా ఆరు సంచుల్లో, ముప్ఫై మీటర్ల పొడవునా, అదే గవ్వ కనిపిస్తేనే అది నాలుక కాదు, అసలు పొర. అప్పుడే పైపు. నేనిచ్చిన ఆరు సంచుల్లోనూ ఆ గవ్వ కనిపిస్తుంది. ఎందుకు కనిపించదు, ఒక్క కడుపున పుట్టినవాయె.

నాలుక మీద పైపు నిలబెడితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. దక్షిణాన ఒకచోట చూశాను, ఊరి పేరెందుకు. మొదట ఏమీ కాలేదట, ఏడేళ్ళు చక్కటి నీళ్ళు. కింది వేడినీళ్ళు పైపు పాదం పక్కనుంచి ఉప్పులోకి దూరి, ఎవరికీ వినపడకుండా, చక్కెరముద్దను టీ తిన్నట్టు తింటూ వచ్చాయి. తరువాత ఒక ఉదయం పంపు గది లేదు. దాని చోట గుండ్రటి గుంట, ఆవిరి కక్కుతూ, కుళ్ళు గుడ్ల వాసన వేస్తూ. నేను చూసేనాటికి చుట్టూ కంచె వేశారు, ఏటా ఆ కంచెను పది అడుగులు వెనక్కు జరుపుతారట. అంచున ఒక ఖర్జూరం చెట్టు సగం వేళ్ళు గాలిలో వేలాడేసుకుని నిలబడి ఉంది, పళ్ళగెలలతో సహా. ఎవరు ఎక్కుతారు దాన్ని. మాతో వచ్చిన కుక్క ఆ వైపు రానంది, కూచుండిపోయింది. ఇక్కడైతే ఎన్నేళ్ళు పడుతుందో. ఏడో, పదో, ఇరవయ్యో. అప్పటికి నేను ఎక్కడుంటాను, ఎవరు వెతికి పట్టుకుంటారు, ఫలానా సంవత్సరం ఫలానా మధ్యాహ్నం ఒకడు టీ తాగుతూ కూచున్నాడని. లోతు లెక్కన చూస్తే ఇంతకంటే భద్రమైన చోట దాచిన తప్పు ఉండదు. పదకొండు వందల మీటర్ల కింద, ఇనుము చుట్టి, సిమెంటు పోసి.

చుక్క. మోకాలి మీద. తుంగచాప మీద ముడుచుకు పడుకున్న పిల్లి ఒక కన్ను తెరిచి మూసింది. లోపల కుర్చీ కిర్రుమంది, అంటే ఆమె ఒక పళ్ళెం తీసి మరొకటి పెడుతోంది. రెండో సంచి అయిపోయి ఉండాలి.

పంతొమ్మిదేళ్ళ కిందట మొదటిసారి వచ్చినప్పుడు ఆమె నల్లజుట్టుతో ఉండేది, సముద్రం పక్క ఊరి మనిషి, మా ఎండకు ముక్కు తోలు ఊడింది. మొదటి వారం సంచులన్నీ విసిరికొట్టింది, ఇవి కవలలు, ఇవి కవలలు అని. నావి చూసి ఎవరివివి అంది. నన్ను పిలిచి కూచోబెట్టి కంటిగొట్టం నా కంటికి సరిచేసింది. వెలుతురు గుండ్రం, అందులో ఆ అలసంద గింజ, మీద గీతలు, అంచున చిన్న పన్ను. ఎవరో తీరుబాటుగా కూచుని చెక్కినట్టు. నేను పదో పదకొండో ఏళ్ళప్పుడు బడి మానేశాను. నాన్న ఖర్జూరం చెట్టుమీంచి పడి నడుం విరిగింది, ఆ వసంతంలో చెట్లెక్కి ఆడపూలకు మగపూల రెమ్మలు కట్టాల్సినవాణ్ణి నేనే, మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఎవరూ నన్ను అలా కూచోబెట్టి ఏదీ చూపించలేదు. దీనికి వయసెలా కట్టారని అడిగాను. ఆమె అంది: "ఇది భూమ్మీద ఉన్నది కొద్దికాలం. తొందరగా పుట్టి తొందరగా అంతరించింది. అందుకే సాక్ష్యానికి పనికొస్తుంది. కోట్ల ఏళ్ళు మారకుండా బతికే జాతులు ఉన్నాయి, వాటిని చూసి ఏమీ చెప్పలేం." ఆ మాట నాకు ఇన్నేళ్ళుగా నాటుకునే ఉంది. మారకుండా ఉన్నవాడు సాక్ష్యానికి పనికిరాడు. ఇరవయ్యారేళ్ళుగా అదే జల్లెడ, అదే బకెట్, అదే నేను.

ఇంకో మాట కూడా చెప్పింది. బోరు గోడలు రాలుతుంటాయి, పై పొరల పలుకులు కింది వాటిలో కలుస్తాయి. పై పొరల కొత్త గవ్వలు కనిపిస్తే నమ్మకండి, పైనుంచి రాలి ఉంటాయి, పాతది కనిపిస్తే మాత్రం నమ్మండి, కిందది పైకి ఎక్కలేదు గనక. బుర్ర కూడా అంతే. ఇందాకటినుంచి నేను ఏదో లోతున ఉన్నదాన్ని తీద్దామని చూస్తుంటే టై ఆయన రాలుతున్నాడు, బెల్ఖీర్ రాలుతున్నాడు, బస్సు రాలుతోంది. అడుగునున్నది మాత్రం రావడం లేదు.

రాళ్ళకు వయసు కట్టే చోట పనిచేస్తున్నాను గానీ నా వయసు నాకు తెలియదు. కార్డులో పుట్టిన తేదీ దగ్గర తేదీ లేదు, ఒక సంవత్సరమూ, పక్కన "అంచనా" అనే ముద్రా. మా తరంలో ఇసుకలో పుట్టిన సగంమంది అంచనా మనుషులమే. గుమాస్తా పళ్ళు చూసి రాశాడని మా అమ్మ చెప్పేది, మేకకు చూసినట్టు. అమ్మ లెక్క వేరు. పెద్దక్క మిడతలు వచ్చిన ఏడు. నేను దాని తరువాత రెండు ఎండాకాలాలకు, తాత బావి ఉప్పెక్కిన చలికాలం. తమ్ముడు, పోయినవాడు, కోత వేళ వాన కురిసి పళ్ళన్నీ పులిసిన ఏడు. అక్కకూ నాకూ మధ్య ఏమీ జరగలేదా అమ్మా అంటే, జరక్కేం, గుర్తు పెట్టుకునేంతది జరగలేదు అనేది. ఆమె చెప్పిన వరుసలో నేనెప్పుడూ తప్పు పట్టలేకపోయాను. ఆమె ఒక ఏటి సంగతిని ఇంకో ఏటి సంచిలో పొయ్యలేదు.

తాత బావుల్లో మునిగేవాడు. యంత్రాలు రాకముందు ఈ లోయలో అదొక వృత్తి. బావి అడుగున ఇసుక పూడితే ఊట తగ్గుతుంది, మనిషి చెవుల్లో మేకకొవ్వు కూరుకుని, తాడు పట్టుకుని, నలభై యాభై మీటర్ల నీళ్ళలోకి దిగి, ఒక బుట్టెడు ఇసుక నింపి పైకి రావాలి. ఊపిరి ఒక్కటే. దిగేముందు గట్టుమీద నిప్పు దగ్గర ఒళ్ళు కాచుకునేవాడట. నేను పుట్టేసరికి ఆయన పూర్తి చెవిటి. బావి మధ్యలో ఎక్కడో ఒక అరుగు ఉండేదట, ప్రతి బావికీ. భయపడ్డవాడు అడుగుదాకా వెళ్ళకుండా అరుగు మీది ఇసుకే నింపుకుని వచ్చేవాడు. పైనున్నవాళ్ళకు తెలిసేది కాదు, బుట్ట నిండిందా లేదా అనే చూసేవారు. మునిగేవాళ్ళకు మాత్రం ఇసుక నలిపి చూస్తే తెలిసేది. నిప్పు దగ్గర వాడికి చోటిచ్చేవారు కాదు, అంతే. వాడు తడిబట్టతో దూరంగా కూచుని వణకాల్సిందే. తాత ఇది చెప్పినప్పుడల్లా గట్టిగా అరిచి చెప్పేవాడు, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు, వీధంతా వినపడేది.

"ఏం అల్లుడూ, గోడకు నువ్వు కాపలానా, నీకు గోడ కాపలానా?"

కళ్ళెత్తితే హాజీ తిజానీ. నా భార్య మెబ్రూకాకు చిన్నాన్న, ఈ ఊరి తోటలకు పెద్ద. రోజూ ఈ వేళకు గాడిద మీద వస్తాడు, మజ్జిగ కుండతో, మా అందరికీ పోసి తను తాగి వెళ్తాడు. కూచోవడానికి చాలాసేపు పట్టింది ఆయనకు, ఒక్కో మోకాలికి దేవుడి పేరొకటి తలుచుకుంటూ.

"పైపు ఇవాళ దిగుతుందట కదా?"

"డాక్టరమ్మ చెప్పాలి మామా."

"ఆవిడ చెప్పేదాకా ఆగుతుందా నా ప్రాణం. నూట ఎనభై ఖర్జూరం పిలకలు తెచ్చి తడిగోనెల్లో చుట్టి పెట్టాను. నీ పెళ్ళాం వాటా ఇరవై ఉన్నాయి అందులో, దానికి చెప్పు, వచ్చి చూసుకోమని, లేకపోతే నేనే అమ్ముకు తినేస్తా."

"అమ్ముకో. అదే గొడవ వదులుతుంది."

"చూశావా, మాటలో తేనె కారుతోంది. మీ అత్త చెప్పింది పెళ్ళిచూపులనాడే, పిల్లాడు మంచోడేగానీ ముఖం నిమ్మకాయ పిండినట్టుందని." మజ్జిగ గ్లాసు చేతికిచ్చాడు. చల్లగా ఉంది, పులుపు సరిగ్గా ఉంది. "ఇవాళ దిగకపోతే?"

"ఇంకా తవ్వాలి. కింద ఏముందో బట్టి మూడు రోజులు పట్టొచ్చు. ఎక్కువా పట్టొచ్చు."

"దిగనీ అల్లుడూ. నాకు డెబ్భై తొమ్మిది. మీకు మూడు రోజులు మూడు రోజులే."

మజ్జిగ తాగాను. ఈయనా దిగనీ అంటున్నాడు, బెల్ఖీర్ దిగనీ అంటున్నాడు, బస్సుకోసం మూటలు కట్టుకున్న పద్నాలుగుమందీ దిగనీ అంటున్నారు. వద్దనేవాడు ఈ ఎడారిలో ఒక్కడూ లేడు, పిల్లితో సహా. హాజీ కన్ను మూతపడింది, గడ్డం ఛాతీమీదికి జారింది. ఆయన నాటిన చెట్టు కాయడానికి అయిదేళ్ళు, నిండుగా కాయడానికి పదేళ్ళు. తను తినని పళ్ళకోసం గోనెలు తడుపుతున్నాడు. ఏడేళ్ళకు ఆ గుంట. నేను వేళ్ళమీద లెక్కపెడుతున్నానని గమనించి చెయ్యి మడిచాను.

ఇంజనీరు వాయిల్ అటువైపుగా వెళ్తూ ఆగాడు. హెల్మెట్ తీసి తల తుడుచుకున్నాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

"లజ్హారి గారూ, ఎండ మీ కాళ్ళమీదికి వచ్చేసింది. నా గదిలో కూచోండి, ఏసీ వేసే ఉంది."

"ఇక్కడ బానే ఉంది."

"నిన్నటినుంచి మీరు అదోలా ఉన్నారు. ఒంట్లో బాగోలేదా? మా నాన్నా ఇంతే, చెప్పడు." హెల్మెట్ మళ్ళీ పెట్టుకున్నాడు. "నిన్న వాళ్ళు వెళ్ళాక అడుగుదామనుకున్నా. లెక్కకట్టే పద్ధతి మీరు నాకొకసారి నేర్పాలి, ఆ యాభై నిమిషాలది. కాలేజీలో చెప్పారుగానీ నాకు కుదరడం లేదు."

వెళ్ళిపోయాడు. నేను అతని వీపు చూస్తూ ఉన్నాను. వాడికి గుర్తే లేదు. మట్టి కడుగుతాడన్న మాట వాడికి మాటే కాదు, ఇది మోటారు, ఇది పంపు అన్నంత మాట. నేను ఎవరిమీద పగ తీర్చుకున్నాను మరి. వాడిమీద కాదు, వాడికి ఏడేళ్ళ తరువాత ఇంకో రిగ్గు, ఇంకో ఊరు. టై ఆయన మీద కాదు. గోనెలు తడుపుతున్న ఈ ముసలాయన మీద, మెబ్రూకా ఇరవై పిలకల మీద, లోపల కుర్చీ కిర్రుమనిపిస్తున్న ఆ మనిషి మీద. ఇందాకటినుంచి రానిది అప్పుడొచ్చింది, అడుగునుంచి, తేలిగ్గా. మట్టి కడగడం అవమానం కాదు. కడగకుండా కడిగానని రాయడం ఒక్కటే, ఇరవయ్యారేళ్ళలో, టై ఆయన మాటను నిజం చేసింది. అంత తెలిశాక నాకు ధైర్యం రాలేదు. భయమే వేసింది, మామూలు భయం, ఉద్యోగం, నీళ్ళ లారీ, బూజెమా.

తలుపు తెరుచుకుంది. చల్లగాలి ముందు వచ్చింది. ఆమె కళ్ళద్దాలు నెరిసిన జుట్టు మీదికి తోసుకుని ఉంది, కళ్ళ చుట్టూ గొట్టం అద్దిన గుండ్రాలు.

"లజ్హారి గారూ, లోపలికి రండి. మీరే ముందు చూడాలి."

ఆరు పళ్ళేలు వరుసగా. ఆరింటిలోనూ పచ్చటి పొడి. ఆమె ఒక్కో పళ్ళెం మీదా వేలు పెట్టి చూపిస్తోంది, సంతోషంగా, ఈ వయసులో.

"అన్నిట్లో అదే గింజ. పైనుంచి చివరిదాకా. ఉప్పు కింద ఇంత నిండుగా గవ్వలున్న బంకరాయి ఈ లోయలో నేనెక్కడా చూడలేదు. నిజం చెప్పనా, ఇంకెవరి సంచులైనా అయితే కవలలని చెప్పి బయట పారబోసేదాన్ని. అంతలా ఒకేలా ఉన్నాయి. మీవి కాబట్టి రాశాను."

బల్లమీద కాగితం ఉంది. పైపు దించవచ్చు అని రాసి ఉంది. నా చేతిరాత మీద ఆమె చేతిరాత నిలబడింది, దానిమీద ఇనుము నిలబడుతుంది, దానిమీద ఊరు.

"కొట్టేయండి" అన్నాను.

"ఏంటి?"

"రాసింది కొట్టేయండి అమ్మా. కవలలే. నలభై అయిదొక్కటే నిజం. మిగతావన్నీ దాంట్లోంచి తీసినవే."

ఆమె అరుస్తుందనుకున్నాను. కలం మూత వెతికింది. దొరికాక పెట్టింది.

"నిద్రపోయారా?"

జాలిగానే అడిగింది. అవునంటే సరిపోయేది, నిద్ర ఎవరికైనా పడుతుంది, నలభయ్యారు డిగ్రీల ఎండ, వయసు.

"లేదు. మెలకువగానే ఉన్నాను. కోపమొచ్చి కూచున్నాను."

"ఎవరిమీద?"

"ఇప్పుడు చెప్పినా ఏముంది."

ఆమె పళ్ళేలను ఒకదాని మీద ఒకటి పేర్చింది, అయిదింటిని. ఆరోది పక్కన ఉంచింది.

"నలభై ఒక్క బావులు" అంది. "పంతొమ్మిదేళ్ళలో మీ సంచులమీద నేను వయసు రాసినవి. పుస్తకాల్లోకి ఎక్కాయి అవి. ఈ లోయ ఎప్పుడు సముద్రమో ఎప్పుడు ఎండిందో అందరూ వాటిని చూసే చెప్తున్నారు."

"వాటిలో కవలల్లేవమ్మా. ఒక్కటి కూడా లేదు."

"నాకెలా తెలుస్తుంది?"

నేను ఉద్యోగం పోతుందనుకుని వచ్చాను. దీనికి సిద్ధపడలేదు. ఒక్క మధ్యాహ్నం నలభై ఒక్క బావుల్లోకి కారిపోతుందని ఆ గంటలో ఒక్కసారైనా తట్టలేదు. నోరు తెరిచాను. ఒట్టేద్దామనుకున్నాను, ఎవరిమీద, ఆమె ఎందుకు నమ్మాలి. "తెలియదు" అన్నాను. "తెలిసే దారి లేదు."

ఆమె తల ఊపింది. కాగితం చింపింది. వాయిల్‌ను పిలిచింది. సంచులు సరిగా రాలేదు, ఇంకా ముప్ఫై మీటర్లు తవ్వాలి, అని మాత్రం చెప్పింది, నా పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. వాయిల్ నన్నూ పళ్ళేలనూ చూసి ముఖం ఎర్రబరుచుకున్నాడు. బయట బెల్ఖీర్ హెల్మెట్ నేలకేసి కొట్టాడు. "ఒక్క పూట నోరు మూసుకోలేకపోయావా మామా! నా కూతురితో ఏం చెప్పమంటావ్?" అన్నాడు. మీటల దగ్గరికి వెళ్ళి మోటారు పెట్టాడు. హాజీకి మెలకువొచ్చి అది పైపు దిగే చప్పుడనుకుని దేవుణ్ణి స్తుతించాడు. నేను పక్కన కూచుని విషయం చెప్పాను. ఆయన ఖాళీ కుండను ఒళ్ళో పెట్టుకుని విన్నాడు. "గోనెలు మళ్ళీ తడపాలైతే" అన్నాడు. నేను చెయ్యి అందించబోతే గాడిద మెడ పట్టుకుని లేచాడు.

ఉలికి ఇరవై నిమిషాలు, పలుకులకు యాభై. ఆమె గంట ముందే వచ్చి జల్లెడ దగ్గర నిలబడింది, ముఖానికి గుడ్డ చుట్టుకుని. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ అక్కడికి రాలేదు, రావలసిన అవసరం రాలేదు. నేను బకెట్ కడిగాను, పాత కుప్ప నెట్టేశాను, చోటు శుభ్రం చేశాను. మొదట పచ్చవే వచ్చాయి, కాసిని. తరువాత పచ్చవి ఆగిపోయి బురద నిండా తెల్లటి తళుకులే, పైనుంచి రాలినవైతే ఇన్ని ఉండవు. దోసెడు తీసి కడిగి అరచెయ్యి చాపాను. ఆమె ఒక పలుకు ఏరి వేలిగోటితో గీసింది. గీత పడింది, తెల్లటి పొడి గోట్లో ఇరుక్కుంది. జిప్సం. కింద ఇంకా ఉప్పు పొరలే. మేం పైపు నిలబెట్టబోయింది నాలుక మీద.

వాయిల్ ఫోను పట్టుకుని పరిగెత్తాడు. ఆమె ఆ పలుకును నా అరచేతిలోనే తిరిగి పెట్టింది. సంచి తను పట్టుకుంటే నేను పోశాను. మూతికి తాడు తను కట్టింది. లోతు నన్ను రాయమంది. పదకొండు వందల యాభై అని రాశాను, ఎప్పటిలాగే గుండ్రంగా. నా చేతిలోంచి కలం తీసుకుని ఆ అంకె కింద తన పేరు రాసింది. ఐన్ గెర్బా బావి సంచులు మీకెక్కడైనా కనిపిస్తే చూడండి, అక్కడినుంచి కిందికి, ప్రతి సంచి మీదా రెండు చేతిరాతలుంటాయి.